హెచ్.ఐ.వి.తో దీర్ఘకాల జీవనం: గళం విప్పినవారి కృషి, మౌనం పాటించేవారి హక్కు

(ప్రత్యేక వ్యాసం)

డిసెంబరు 1వ తేదీని ప్రపంచ ఎయిడ్స్ దినంగా పాటించడం 1988లో ప్రారంభమైంది. ఆనాడు హెచ్.ఐ.వి. ఉన్నట్లు నిర్ధారణ అయిన వ్యక్తికి వైద్యుడు ఇవ్వగలిగిన భరోసా అతి స్వల్పం. చికిత్స అందనప్పుడు ఈ వైరస్ సుమారు పది సంవత్సరాల కాలంలో మనిషిని ఎయిడ్స్ దశకు చేరుస్తుంది. ఆ దశకు చేరిన తరువాత మిగిలే ఆయుష్షును నెలల్లోనో, ఒకటి రెండు సంవత్సరాల్లోనో లెక్కించేవారు. నేటి స్థితి పూర్తిగా భిన్నమైనది. సకాలంలో చికిత్స ప్రారంభించి, క్రమం తప్పకుండా మందులు వాడేవారు ఇతరులతో దాదాపు సమానమైన ఆయుర్దాయాన్ని ఆశించవచ్చు. ఇరవై, పాతిక సంవత్సరాలుగా హెచ్.ఐ.వి.తో జీవిస్తూ, ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలకు వివాహాలు జరిపించినవారు మన మధ్యనే ఉన్నారు.

ఈ మార్పు ప్రయోగశాలల వల్ల మాత్రమే రాలేదు. తమకు హెచ్.ఐ.వి. ఉన్నదని నలుగురి ఎదుట ప్రకటించి, ఔషధాల కోసం, ఉద్యోగాల కోసం, గౌరవం కోసం పోరాడినవారి వల్ల కూడా వచ్చింది. వారిలో కొందరు తమ పోరాట ఫలితం అందక మునుపే కన్నుమూశారు. వారి సాహసాన్ని స్మరించుకోవడం అవసరం. అయితే అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. గళం విప్పడం ఎవరికైనా హక్కే గాని విధి కాదు. తన ఆరోగ్య స్థితిని గోప్యంగా ఉంచుకున్న వ్యక్తికి కూడా అదే చికిత్స, అదే ఉద్యోగ భద్రత, అదే గౌరవం లభించాలి. ఆ పరిస్థితిని కల్పించే బాధ్యత ప్రధానంగా అధికార యంత్రాంగంపైనా, పత్రికా రంగంపైనా ఉంది.

దీర్ఘాయువు ఎలా సాధ్యమైంది?

హెచ్.ఐ.వి. రక్తంలోని సి.డి.4 కణాలలో ప్రవేశించి, వాటిలోనే వృద్ధి చెంది, వాటిని నశింపజేస్తుంది. శరీర రక్షణ వ్యవస్థలో ఈ కణాలు కీలకమైనవి. వీటి సంఖ్య బాగా తగ్గినప్పుడు క్షయ వంటి వ్యాధులు సులువుగా దాడి చేస్తాయి. వైరస్ ఉన్నంత మాత్రాన ఎయిడ్స్ ఉన్నట్లు కాదు. రక్షణ శక్తి క్షీణించి, అవకాశవాద వ్యాధులు చుట్టుముట్టిన దశనే ఎయిడ్స్ అంటారు. ఈ రెండు పదాలను ఒకే అర్థంలో వాడడం శాస్త్రీయంగా తప్పు, సామాజికంగా హానికరం.

మూడు రకాల మందులను కలిపి ఇచ్చినట్లయితే వైరస్ వృద్ధిని చాలా కాలం నిలువరించవచ్చునని 1996లో వెల్లడైంది. ఎ.ఆర్.టి.గా వ్యవహరించే ఈ చికిత్స వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించలేదు గాని, దాని వృద్ధిని అరికడుతుంది. సి.డి.4 కణాలు తిరిగి పెరుగుతాయి. మధ్యలో మందులు మానివేస్తే వైరస్ మళ్లీ విజృంభించడమే కాక, ఆ మందులకు లొంగని రూపం దాల్చే ప్రమాదం ఉంది. అందువల్ల ఈ చికిత్స జీవితాంతం, ప్రతి దినం కొనసాగవలసినది.

చికిత్స వల్ల మరొక గొప్ప ప్రయోజనం కూడా ఉన్నట్లు పరిశోధనల్లో రుజువైంది. భారతదేశంతో సహా తొమ్మిది దేశాలలో 1,763 జంటలపై జరిగిన హెచ్.పి.టి.ఎన్. 052 అధ్యయనం ఫలితాలు 2011లో వెల్లడయ్యాయి. ముందుగా చికిత్స ప్రారంభించిన వారి నుంచి జీవిత భాగస్వామికి వైరస్ సోకే అవకాశం 96 శాతం తగ్గినట్లు అందులో తేలింది. రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి తగ్గి, ఆ స్థితి నిలకడగా ఉన్నవారి నుంచి లైంగిక సంపర్కం ద్వారా అది ఇతరులకు సంక్రమించదని తదుపరి అధ్యయనాలు ధ్రువపరచాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. తల్లి నుంచి బిడ్డకు సంక్రమణ విషయంలోనూ ఇటువంటి పురోగతే కనిపిస్తుంది. ఏ జాగ్రత్తా తీసుకోనప్పుడు 15 నుంచి 45 శాతం వరకు ఉండే ఆ ప్రమాదాన్ని, సరియైన చికిత్సతో 5 శాతం కంటె దిగువకు తగ్గించవచ్చు.

తొలి గళాలు

1983లో అమెరికాలోని డెన్వర్ నగరంలో ఎయిడ్స్‌తో జీవిస్తున్న కొందరు సమావేశమై ఒక ప్రకటన వెలువరించారు. తమను బాధితులుగా పరిగణించరాదనీ, తమ జీవితాలకు సంబంధించిన నిర్ణయాలలో తమకు స్థానం ఉండాలనీ వారు కోరారు. దాదాపు పదకొండు సంవత్సరాల తరువాత, 1994 డిసెంబరు 1న పారిస్‌లో 42 దేశాలు ఈ సూత్రానికి అధికారిక ఆమోదం తెలిపాయి. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు చికిత్స పొందేవారుగా మాత్రమే గాక, విధాన రూపకల్పనలో భాగస్వాములుగా కూడా ఉండాలన్నది దాని సారాంశం.

భారతదేశంలో హెచ్.ఐ.వి.ని మొదటిసారిగా 1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల జరిపిన పరిశోధనలో గుర్తించారు. తొలి సంవత్సరాలలో భయమే విధానాన్ని శాసించింది. గోవాకు చెందిన డొమినిక్ డిసౌజా తరచుగా రక్తదానం చేసే యువకుడు. ఆ రక్తపరీక్షలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలగానే 1989 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధించి, ఉపయోగంలో లేని ఒక క్షయ చికిత్సాలయంలో 64 దినాలు ఏకాంతంగా ఉంచారు. ఆనాటి గోవా ప్రజారోగ్య చట్టం అందుకు అధికారం ఇచ్చింది. ఆయన తల్లి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. విడుదలైన తరువాత డొమినిక్ మౌనం వహించలేదు. తనకు జరిగినదానిని బహిరంగంగా వివరించి, 1992లో ఇతరులకు అండగా ఒక సంస్థను నెలకొల్పారు. అదే సంవత్సరం మే నెలలో ఆయన మరణించారు.

1997లో చెన్నై కేంద్రంగా హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారి జాతీయ సమాఖ్య ఐ.ఎన్.పి. ప్లస్ ఆవిర్భవించింది. దాని స్థాపనలో ప్రధాన పాత్ర వహించిన అశోక్ పిళ్లై దేశమంతటా తన స్థితిని బహిరంగంగా చెప్పుకున్న మొదటితరం ప్రతినిధులలో ఒకరు. ఆయన 2002లో మరణించారు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచిత ఎ.ఆర్.టి. ప్రారంభమైనది 2004 ఏప్రిల్ 1న. ఏ చికిత్స కోసం ఆయన తరం గళమెత్తిందో, ఆ చికిత్స రెండు సంవత్సరాలు ఆలస్యంగా వచ్చింది.

స్త్రీల సమస్య మరింత సంక్లిష్టమైనది. వివాహబంధం ద్వారానే వైరస్ సోకిన స్త్రీ, భర్త మరణానంతరం అత్తవారింట నిందకు గురై, ఆస్తినీ ఆశ్రయాన్నీ కోల్పోయే పరిస్థితి సర్వసాధారణంగా ఉండేది. తమిళనాడుకు చెందిన పి. కౌసల్య ఈ అన్యాయాన్ని స్వయంగా ఎదుర్కొని, బహిరంగంగా మాట్లాడిన తొలి భారతీయ మహిళలలో ఒకరయ్యారు. 1998లో ఆమె, మరికొందరు స్త్రీలు కలిసి పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్‌ను స్థాపించారు.

పేరు చెప్పకుండా సాధించిన విజయం

బహిరంగంగా మాట్లాడినవారు మాత్రమే చరిత్రను మార్చారనుకోవడం పొరపాటు. హెచ్.ఐ.వి. ఉన్నదన్న కారణంతో ఒక ప్రభుత్వ రంగ సంస్థ ఉపాధి నిరాకరించిన శ్రామికుడు బొంబాయి హైకోర్టును ఆశ్రయించినప్పుడు, ఆయన అసలు పేరును వెల్లడించకుండా ఎం.ఎక్స్. అన్న సంకేత నామంతో విచారణకు న్యాయస్థానం అనుమతించింది. పని చేయగల సామర్థ్యం ఉండి, ఇతరులకు గణనీయమైన ప్రమాదం లేనప్పుడు హెచ్.ఐ.వి. కారణంగా ఉపాధి నిరాకరించరాదని 1997లో తీర్పు వెలువడింది. ఆ శ్రామికుని పేరు నేటికీ సమాజానికి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఆయన మాట వినబడడానికి కావలసినది ముఖం కాదు, వినడానికి సిద్ధపడిన న్యాయస్థానం.

ఔషధాల ధరపై పోరాటం

2001కి పూర్వం మూడు మందుల చికిత్సకు ఒక రోగికి సంవత్సరానికి పది వేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001 ఫిబ్రవరిలో భారతీయ సంస్థ సిప్లా, స్వచ్ఛంద వైద్య సంస్థలకు అదే చికిత్సను సంవత్సరానికి 350 డాలర్లకు, అనగా రోజుకు ఒక డాలరు లోపున, సరఫరా చేస్తామని ప్రకటించింది. ప్రపంచవ్యాప్తంగా ధరలు దిగిరావడానికి ఇది దారితీసింది. ఈ ఔషధాల తయారీలో తెలుగు నేలకు కూడా ప్రముఖ స్థానం ఉంది. హైదరాబాదు కేంద్రంగా ఉన్న హెటిరో, అరబిందో, లారస్ సంస్థలు హెచ్.ఐ.వి. మందులను, వాటి ముడి ఔషధాలను ఉత్పత్తి చేస్తున్నాయి.

2005లో పేటెంటు చట్టం మారిన తరువాత ధరలు తిరిగి పెరిగే అవకాశం ఏర్పడింది. అప్పుడు హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారి సంఘాలే ముందుకు వచ్చాయి. రెండు పాత మందులను కలిపి చేసిన మాత్ర అయిన కాంబివిర్‌పై పేటెంటు ఇవ్వరాదని ఐ.ఎన్.పి. ప్లస్, మణిపూర్ సంఘం 2006 మార్చిలో అభ్యంతరం దాఖలు చేశాయి. అదే సంవత్సరం ఆ కంపెనీ తన దరఖాస్తును ఉపసంహరించుకున్నది. మందు తినే వ్యక్తే పేటెంటు కార్యాలయంలో వాదించగలడని ఆ సంఘటన నిరూపించింది.

ఈ గళం నేటికీ అవసరమే. 2022 జూలైలో కొన్ని మందుల కొరతపై సంఘాల ప్రతినిధులు ఢిల్లీలోని జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యాలయం వద్ద నిరసన ప్రారంభించి, నెల రోజులకు మించి కొనసాగించారు. ఆ అంశం సుప్రీం కోర్టు దృష్టికి కూడా వచ్చింది. ఒక్క నెల మందు అందకున్నా ప్రమాదమేనన్న సంగతి తెలిసినవారు వారే గనుక, లోపాన్ని మొదట గుర్తించేవారు కూడా వారే. అటువంటి ఫిర్యాదును ముందస్తు హెచ్చరికగా స్వీకరించడం పరిపాలనకు మేలు చేస్తుంది.

తెలుగు రాష్ట్రాల అనుభవం

2005-06 నాటి మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 సంవత్సరాల వయస్కులలో హెచ్.ఐ.వి. వ్యాప్తి దేశంలో 0.28 శాతం కాగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 2021 అంచనాల ప్రకారం వయోజనులలో ఈ వ్యాప్తి ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం, దేశంలో 0.21 శాతం. హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.21 లక్షలు, తెలంగాణలో సుమారు 1.58 లక్షలు.

ఈ సంఖ్యలను జాగ్రత్తగా చదవాలి. చికిత్స ఫలించి ఎక్కువ మంది దీర్ఘకాలం జీవిస్తున్నప్పుడు, కొత్త సంక్రమణలు తగ్గినప్పటికీ మొత్తం సంఖ్య వెంటనే తగ్గదు. జీవించి ఉన్నవారి సంఖ్య పెద్దదిగా ఉండడాన్ని వైఫల్యంగా మాత్రమే చిత్రించడం సరికాదు. పరిస్థితిని అంచనా వేయడానికి కొత్త సంక్రమణలు, మరణాలు, చికిత్సలో కొనసాగుతున్నవారు, వైరస్ అదుపులో ఉన్నవారు అన్న నాలుగు లెక్కలను విడివిడిగా చూడాలి.

ఎ.ఆర్.టి. కేంద్రాలలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న వ్యక్తినే కేర్ కోఆర్డినేటర్‌గా నియమించే పద్ధతి ఉంది. తొలిసారి మందులకు వచ్చి, ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక కుమిలిపోయే వ్యక్తికి ఎదుట కూర్చున్న ఆరోగ్యవంతుడు తానూ అదే మాత్ర వేసుకుంటున్నానని చెప్పడం ఏ గోడపత్రికా కలిగించలేని ధైర్యాన్ని ఇస్తుంది. వేదికలెక్కి చేసే ప్రసంగాల కంటె ఇటువంటి నెమ్మదైన మాటలే ఎక్కువ మందిని చికిత్సలో నిలుపుతున్నాయి.

దీర్ఘ జీవనం తెచ్చిన కొత్త అవసరాలు

2017లో సి.డి.4 సంఖ్యతో నిమిత్తం లేకుండా, నిర్ధారణ అయిన ప్రతి వ్యక్తికీ వెంటనే చికిత్స ప్రారంభించే విధానాన్ని దేశం అవలంబించింది. తొలినాళ్లలో వాడిన స్టావుడిన్ వంటి మందులు బుగ్గలు లోపలికి పోవడం, పాదాలలో మంటలు వంటి దుష్ఫలితాలు కలిగించేవి. ముఖం చూసి వ్యాధిని పసిగట్టే పరిస్థితి వల్ల గోప్యత కూడా దెబ్బతినేది. ఆ మందును క్రమంగా తొలగించారు. ఇటీవలి సంవత్సరాలలో డోల్యూటెగ్రావిర్‌తో కూడిన, రోజుకు ఒకే మాత్ర చికిత్స ప్రధానమైంది.

ఆయుష్షు పెరిగినకొద్దీ మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బులు, మూత్రపిండాల సమస్యలు, ఎముకల బలహీనత వంటివి ఎదురవుతాయి. ఎ.ఆర్.టి. కేంద్రం నుంచి ఇతర విభాగాలకు వెళ్లవలసి వచ్చినప్పుడే వివక్ష ఎక్కువగా బయటపడుతుంది. శస్త్రచికిత్సను వాయిదా వేయడం, కేస్ షీటుపై పెద్ద అక్షరాలతో వ్రాయడం, మంచానికి గుర్తు తగిలించడం వంటివి చట్టవిరుద్ధమే గాక వైద్యపరంగా నిరర్థకం. చేతి తొడుగులు, సూదుల భద్రత వంటి సాధారణ జాగ్రత్తలు ప్రతి రోగి విషయంలోనూ పాటించవలసినవే.

పుట్టుకతోనే వైరస్ సోకిన పిల్లలు నేడు యువతీ యువకులయ్యారు. వారి తరఫున తల్లిదండ్రులో, సంరక్షకులో ఒకనాడు మాట్లాడి ఉండవచ్చు. తమ సంగతి ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే అధికారం ఇప్పుడు వారిదే. బాల్యంలో ప్రచురితమైన ఒక ఛాయాచిత్రం ఉద్యోగానికో వివాహానికో అడ్డు రాకూడదు.

చట్టం ఇస్తున్న రక్షణ

హెచ్.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం 2017లో రూపొంది, 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. అందులోని ముఖ్యాంశాలు ఇవి:

• ఉద్యోగం, విద్య, వైద్యం, అద్దె ఇల్లు, బీమా తదితర విషయాలలో అన్యాయమైన వివక్ష నిషిద్ధం.

• వ్యక్తి అవగాహనతో కూడిన సమ్మతి లేకుండా పరీక్ష గాని, చికిత్స గాని జరుపరాదు. చట్టం పేర్కొన్న పరిమిత సందర్భాలలో మినహా, ఒకరి స్థితిని ఇతరులకు వెల్లడించరాదు.

• హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిపై ద్వేషాన్ని ప్రచారం చేయడం, ప్రచురించడం నేరం. మూడు నెలల నుంచి రెండు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చు.

• స్త్రీలకు, 18 సంవత్సరాల లోపువారికి ఉమ్మడి నివాసంలో ఉండే హక్కు ఉంది.

• వంద మంది లేక అంతకు మించి ఉన్న సంస్థలలో, ఇరవై మంది లేక అంతకు మించి ఉన్న వైద్య సంస్థలలో ఫిర్యాదుల అధికారిని నియమించాలి.

• రాష్ట్ర ప్రభుత్వం నియమించే అంబుడ్స్‌మన్ ఫిర్యాదుపై 30 దినాలలోగా, వైద్యపరమైన అత్యవసర పరిస్థితిలో 24 గంటలలోగా ఉత్తర్వు ఇవ్వాలి.

• న్యాయవిచారణలో అసలు పేరుకు బదులు మారుపేరు వాడుకునే అవకాశం ఉంది.

2023 సెప్టెంబరులో సుప్రీం కోర్టు, సైనిక వైద్యశాలలో రక్తం ఎక్కించినందువల్ల హెచ్.ఐ.వి. సోకిన ఒక వాయుసేన మాజీ ఉద్యోగికి రూ.1.54 కోట్లకు పైగా నష్టపరిహారం మంజూరు చేస్తూ, ఈ చట్టం అమలుకు ప్రభుత్వాలకు, న్యాయస్థానాలకు ఆదేశాలు ఇచ్చింది.

కుండకు మూత పెట్టవచ్చును గాని ఊరి నోటికి మూత పెట్టలేమని సామెత. చట్టం ఊరి నోరు మూయించలేకపోవచ్చు. అయితే ఆ మాట కారణంగా ఒకరి ఉద్యోగం, ఇల్లు, చికిత్స పోకుండా కాపాడగలదు. అందుకు ఫిర్యాదుల అధికారి పేరు కార్యాలయ గోడపై కనిపించాలి. ఫిర్యాదు చేసిన వ్యక్తి పేరు ఎక్కడా కనిపించరాదు.

పాత్రికేయులు, అధికారులు గమనించవలసినవి

వార్తలలో "ఎయిడ్స్ రోగి", "ఎయిడ్స్ బాధితుడు", "మహమ్మారి కాటుకు బలి" వంటి ప్రయోగాలకు బదులు "హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న వ్యక్తి" అని వ్రాయడం సముచితం. వైరస్ ఎలా సోకిందన్న ప్రశ్న వార్తకు అవసరమా అని ముందుగా ఆలోచించాలి. ఆ ప్రశ్న తరచుగా నిర్దోషులు, దోషులు అన్న విభజనకు దారితీస్తుంది. పేరు, చిత్రం ప్రచురణకు సమ్మతి తీసుకునేటప్పుడు ఆ వార్త ఇంటర్నెట్‌లో చిరకాలం ఉంటుందనీ, కుటుంబ సభ్యులపై కూడా ప్రభావం చూపుతుందనీ వివరించాలి. ముఖం కప్పివేసి, గ్రామం పేరు, వృత్తి, పిల్లల వివరాలు ముద్రిస్తే గోప్యత పాటించినట్లు కాదు.

అధికారులు సంక్షేమ పథకాల అమలులోనూ ఇంతే శ్రద్ధ వహించాలి. తెలంగాణలో 2014లో ప్రారంభమైన ఆసరా పింఛన్ల పరిధిలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిని చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఎ.ఆర్.టి. చికిత్స పొందుతున్నవారికి ప్రత్యేక పింఛను ఉంది. లబ్ధిదారుల జాబితాను గోడపై అంటించేటప్పుడు, పింఛను పంపిణీ చేసేటప్పుడు వర్గం పేరు బయటపడితే, సహాయమే ఆ కుటుంబానికి శిక్షగా మారుతుంది. సభలకు, ర్యాలీలకు హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారిని ఆహ్వానించినప్పుడు వారిని వేదికపై కూర్చోబెట్టి పంపివేయడంతో సరిపెట్టరాదు. జిల్లా సమీక్షా సమావేశాలలో వారి అభిప్రాయాన్ని నమోదు చేసి, తీసుకున్న చర్యను తరువాతి సమావేశంలో తెలియజేయాలి. వారి సమయానికి, ప్రయాణానికి తగిన ప్రతిఫలం చెల్లించాలి.

పరీక్ష, చికిత్స, హక్కులకు సంబంధించిన సమాచారం జాతీయ ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097 ద్వారా ఉచితంగా లభిస్తుంది. ఫోను చేసినవారు పేరు చెప్పవలసిన పని లేదు. ఈ సంఖ్యను ప్రతి వార్త చివరన, ప్రతి ఆసుపత్రి ఆవరణలో ప్రకటించడం తేలికైన పని. పరీక్షకు భయపడి ఇంటనే ఉండిపోయిన వ్యక్తి మందుల దాకా చేరడానికి అది తొలి మెట్టు కాగలదు.